బత్తాయి అంటుకు ఏ వేరు మేలు: జంబేరా, రంగపూరా?

వానాకాలం దగ్గర పడిందంటే చాలు, కొత్తగా తోట పెట్టేవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, హైబ్రిడ్ మొక్కలు తేవాలా, నాటువి తేవాలా?" దేవరకొండ వాళ్లదీ ఇదే మాట, కట్టంగూరు వాళ్లదీ ఇదే మాట. అసలు బత్తాయిలో నాటు అంటూ లేదు. పంపరపనస, కమలా జాతులు ఎప్పుడో కలిసి పుట్టిన సంకరమే బత్తాయి. మన దగ్గర ఎక్కువగా పండే బత్తాయి రకం సాత్‌గుడి కూడా అదే వంశం. నకిరేకల్ మార్కెట్‌కు వచ్చే నిమ్మకాయ కూడా మాదీఫలం (మందపు తొక్క ఉండే పెద్ద నిమ్మజాతి కాయ) ఒక అడవి జాతితో కలిసి పుట్టిందే. హైబ్రిడ్ అంటే ల్యాబులో మందు ఎక్కించిన పండు అని భయపడేవాళ్లు, తాము చిన్నప్పటి నుంచి తింటున్న బత్తాయి ఏమిటో ఒక్కసారి ఆలోచించాలి.

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. బత్తాయి అంటు అంటే వేరే జాతి మొక్క వేరు మీద బత్తాయి కన్ను, అంటే మొగ్గ, అతికించిన మొక్క. పైన ఉండేది ఎలాగూ సాత్‌గుడి కన్నే. కింద ఏ వేరు ఉంది? మన దగ్గర ఆ జాగాలో ఉండేవి ముఖ్యంగా రెండు: జంబేరి, రంగపూర్ నిమ్మ. రెండూ కమలా జాతి, మాదీఫలం కలయికలో పుట్టినవే, అంటే అవీ సంకరాలే. పుట్టుక ఒకటే అయినా, మట్టిలో దిగాక వాటి పని తీరు ఒకటి కాదు.

జంబేరి నర్సరీ వాళ్లకు ఇష్టమైన మొక్క. విత్తనం బాగా మొలుస్తుంది, కాండం తొందరగా లావెక్కుతుంది, అంటు కట్టడానికి త్వరగా సిద్ధమవుతుంది. తోటలో కూడా చెట్టు ఏపుగా లేస్తుంది, మొదటి కాపులు బాగా వస్తాయి, కాయ సైజు పెద్దగా ఉంటుంది. మూడు, నాలుగేళ్ల తోటలు రెండు పక్కపక్కన చూపిస్తే ఎవరైనా జంబేరి తోటనే మెచ్చుకుంటారు. అయితే తొక్క మందం, రసంలో తీపి కాస్త తక్కువ. అంతకంటే పెద్ద లోపం బంక తెగులు. చెట్టు మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే జంబేరి తట్టుకోలేదు. మొదలు దగ్గర బెరడు కుళ్లి, బంక కారి, ఆకు పసుపు తిరిగి, కాపు మీదున్న చెట్టు చచ్చిపోతుంది.

రంగపూర్ మొదట్లో అంత ఏపుగా కనిపించదు. దాన్ని మెచ్చుకోవాలంటే ఎండాకాలంలో చూడాలి. నేను అన్నిటికంటే ఎక్కువ బరువిచ్చేది దీనికే: నీళ్లు. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెల్కల్లో, అంటే ఎర్ర నేలల్లో, తోట బతికేది బోరు మీద. ఏప్రిల్, మే వచ్చేసరికి బోరు ఆగి ఆగి పోస్తుంది. ఆ రెండు నెలలు తక్కువ తడులతో నెట్టుకొచ్చే వేరు రంగపూర్. రెండోది, నీళ్లు ఉన్నా ఉప్పగా ఉండే బోర్లు మన దగ్గర ఎన్నో. ఉప్పు నీళ్లు పారితే ఆకు కొసలు మాడి, ఆకు రాలుతుంది. రంగపూర్ వేరు ఆ ఉప్పులోని క్లోరైడును ఆకుల దాకా ఎక్కనివ్వకుండా చాలావరకు ఆపుతుంది. జంబేరికి ఆ శక్తి తక్కువ. తోట ఇరవై ఏళ్లు నిలవాలని పెడతాం. ఆ ఇరవై ఏళ్లలో కరువు రాకుండా పోదు. మొదటి రెండు కాపుల్లో నాలుగు కాయలు తక్కువ వచ్చినా, కరువు ఏడాది చెట్టు మిగిలితే అదే లాభం.

బ్రెజిల్ వాళ్ల అనుభవం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అక్కడ ఒకప్పుడు పుల్ల నారింజ వేరు మీద బత్తాయి జాతి తోటలు పెట్టారు. 1930ల చివర ట్రిస్టెజా వైరస్ వచ్చి లక్షల చెట్లు పోయాయి. పేనుబంక పురుగు మోసుకెళ్లే వైరస్ అది. ఆ తర్వాత వాళ్లు ఎక్కువగా మళ్లింది రంగపూర్ వేరుకే, ట్రిస్టెజానూ కరువునూ తట్టుకుంటుందని. జంబేరి కూడా ట్రిస్టెజాను తట్టుకుంటుంది, ఆ విషయంలో దాన్ని తప్పు పట్టలేం. మన దగ్గర కూడా పుల్ల నారింజ వేరు మీద బత్తాయి కడతామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

రంగపూర్‌కు ఒక బలహీనత ఉంది, దాన్ని దాచిపెట్టి అమ్మడం అన్యాయం. ఎక్సోకార్టిస్ అనే జబ్బుకు అది లొంగిపోతుంది. మొదలు బెరడు పొలుసులుగా లేచి, చెట్టు గిడసబారుతుంది. ఆ జబ్బు వచ్చేది కన్ను తీసిన తల్లి చెట్టు నుంచి, లేదా శుభ్రం చేయని కత్తి నుంచి. జంబేరి మీద అదే జబ్బు బయటపడకుండా ఉండిపోతుంది. కాబట్టి రంగపూర్ మొక్క కొనేటప్పుడు కన్నులు ఏ చెట్ల నుంచి తెచ్చారో అడగాలి. ఆ చెట్లు చూపించలేని నర్సరీలో మొక్క ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు.

ఇక మన ఊళ్లలో తిరిగే మాటలు. "మా బత్తాయి చెట్టు జంబేరిగా మారిపోయింది" అంటారు. చెట్టు మారదు. అంటు కట్టిన చోటుకు కింది నుంచి చిగురు వేస్తే దాన్ని తీసేయకుండా వదిలేశారు, అది పైకొమ్మను అణిచేసి తనే చెట్టయింది. గుర్తుపట్టడం తేలిక: ఆ లేత చిగురు ఊదారంగులో ఉంటుంది, సాత్‌గుడి చిగురు పచ్చగా ఉంటుంది. మొదటి రెండేళ్లు ఆ కింది చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేస్తే సరిపోతుంది. వేరు వల్ల తొక్క మందం, తీపి కొంచెం మారతాయి, అది నిజం. బత్తాయి కాయ జంబేరి కాయ అయిపోవడం మాత్రం జరగదు.

పక్కన నిమ్మ తోట ఉంటే బత్తాయి పులుస్తుందనే మాట కూడా అంతే. పక్క చెట్టు పుప్పొడి పడితే తేడా వచ్చేది గింజలో, తొనలో కాదు. లోపల ఎర్రగా ఉండే నారింజను దానిమ్మతో అంటుకట్టి పుట్టించారనే వీడియోలు నమ్మవద్దు. ఆ ఎరుపు ఆ రకానికే ఉన్న గుణం, చలి రాత్రుల్లో బయటపడుతుంది. మన రాత్రులు వెచ్చగా ఉంటాయి కాబట్టే మన బత్తాయి పండినా తొక్క పచ్చగానే ఉంటుంది. దాన్ని చూసి పచ్చికాయ అని ధర తగ్గించే బేరగాళ్లకు ఒక కాయ కోసి చూపించండి.

మిగతావాటి గురించి క్లుప్తంగా: క్లియోపాత్రా అనే కమలా జాతి వేరు ఉప్పును బాగా ఆపుతుంది కానీ చెట్టు కాపుకు రావడం ఆలస్యం. కిన్నో కాలిఫోర్నియాలో పుట్టి పంజాబ్‌లో స్థిరపడిన కమలా జాతి పండు, మన చెల్కలకు దాని కోసం తాపత్రయం అక్కర్లేదు. గింజ నాటి పెంచిన బత్తాయి తల్లిలాగే కాస్తుంది కానీ ముళ్లు ఎక్కువ, కాపు ఆలస్యం, బంక తెగులుకు దాని వేరు మరీ సున్నితం.

లోతైన తేలిక నేల, తియ్యటి నీళ్లు, ఆగని బోరు ఉన్నవాళ్లు జంబేరి పెట్టుకున్నా నేను వద్దనను. చెల్కలో, బోరు మీద నమ్మకం లేని చోట రంగపూరే. సాగర్ ఎడమ కాలువ కింద, చుట్టూ వరి మడులున్న నల్లరేగడిలో ఏ వేరూ మిమ్మల్ని కాపాడదు, అక్కడ బత్తాయి ఆలోచనే మానుకోండి.

ఏ వేరైనా జానెడు ఎత్తులో అంటు కట్టిన మొక్కనే ఎంచుకోండి, అంటు భాగం మట్టిలో పూడకుండా నాటండి. చెట్టు మొదలుకు నీళ్లు తగలకుండా పాదును రెండు రింగులుగా చేసి, బయటి రింగుకే తడి ఇవ్వండి. ఏటా వానలకు ముందు మొదలుకు రెండు అడుగుల ఎత్తు దాకా బోర్డో పేస్ట్ పూయండి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. నర్సరీకి వెళ్లినప్పుడు వేరు మొక్కల విత్తనం తీసిన కాయ చూపించమనండి. రంగపూర్ కాయ లోపలా బయటా నారింజ రంగులో, చిన్న కమలాలా ఉండి నాలుక ముడుచుకునేంత పుల్లగా ఉంటుంది. జంబేరి కాయ పసుపు రంగులో గరుకు తొక్కతో ఉంటుంది. కాయ చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.