సెలవుల్లో పుస్తకాలు: పేజీల లెక్కా, బహుమతా, పిల్లల ఇష్టమా?

సెలవులు దగ్గరపడితే చాలు, తెలిసినవాళ్లందరూ అడిగేది ఒకటే. పిల్లలతో చదివించాలంటే రోజుకిన్ని పేజీలని పెట్టాలా, పూర్తి చేస్తే ఏదైనా కొనిస్తామనాలా, లేక వాళ్లకే వదిలేయాలా? మూడూ మా ఇంట్లో ఒక్కో వేసవిలో ఒక్కోటి చేసి చూశాం.

పేజీల లెక్కతో రోజూ ఒక వేళకు కూర్చోవడం అలవాటవుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మనం లెక్క పెడితే పిల్లలూ లెక్కే చూస్తారు. మావాడు బొమ్మలెక్కువున్న పుస్తకాలే ఏరి తెచ్చుకున్నాడు. ఇదేంట్రా అంటే, "బొమ్మున్నా అది పేజీయేగా" అన్నాడు. కాదనలేకపోయాను. ఈ పద్ధతే కావాలంటే పేజీలు వదిలేసి పావుగంటో, ఇరవై నిమిషాలో పెట్టండి.

బహుమతి సంగతి కాస్త చిక్కైనదే. 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు, బొమ్మలు గీయడం సరదాగా ఉన్న చిన్నపిల్లలపై చేసిన ప్రయోగం ప్రచురించారు. గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి గీయించిన పిల్లలు, ఆ తర్వాత ఖాళీ దొరికినా గీయడం తగ్గించేశారు. ముందు చెప్పకుండా చివర్లో ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. పుస్తకం ముట్టుకోని పిల్లవాణ్ణి మొదటి వారం కూర్చోబెట్టడానికి బహుమతి పెడితే పెట్టండి. ఇప్పటికే చదివే పిల్లకు మాత్రం ఆశ చూపించకండి.

నా మటుకు అసలు తేడా అంతా పుస్తకాన్ని ఎవరు ఎంచుకున్నారన్న దగ్గరే వస్తుంది. రిచర్డ్ ఆలింగ్టన్ అనే పరిశోధకుడి బృందం అమెరికాలోనే పేద కుటుంబాల పిల్లలకు వరసగా మూడు వేసవులు, వాళ్లు ఎంచుకున్న పుస్తకాలే ఏటా 12 దాకా ఇచ్చింది. 2010లో వచ్చిన ఫలితాల్లో, పుస్తకాలు అందని పిల్లలకంటే వీళ్లు పఠన పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారు. ఇంతకీ ఎక్కువమంది ఏరుకున్నవి పాప్ గాయకుల పుస్తకాలు, టీవీ, సినిమా పాత్రల పుస్తకాలు. మనం మొహం చిట్లించే రకమే!

వాళ్లకే వదిలేయడమంటే మనం చేతులు దులుపుకోవడం కాదు. ఇంట్లో నాలుగు రకాలు అందుబాటులో ఉండాలి. కష్టమేమోనని అనుమానం వస్తే ఐదు వేళ్ల పరీక్ష ఉంది: ఏదో ఒక పేజీ తెరిచి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. ఐదూ ముడుచుకుంటే అది ఒంటరిగా చదివే పుస్తకం కాదు, మనం పక్కన కూర్చుని చదవాల్సింది. నచ్చకపోతే సగంలో ఆపేసినా ఏమీ అనొద్దు. మనం మాత్రం మొదలుపెట్టినవన్నీ పూర్తిచేస్తున్నామా?

ఆడియో పుస్తకాలు ప్రయాణాల్లో బాగుంటాయి. ఫోన్‌లో చదవడం మా ఇంట్లో పది నిమిషాల్లో వీడియోల్లోకి జారిపోయింది, దాని గురించి ఇంకేం చెప్పను.

ఈసారి మావాడు తెచ్చుకున్నది పురుగుల పుస్తకం. వాటిని చూస్తేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది. మొదటి అధ్యాయం మాత్రం నేనే చదివి వినిపించాలట.