సఫైర్ గ్లాసు అని చెప్పి మామూలు గ్లాసు బిగిస్తున్నారు, వాచీ విప్పి ఇచ్చే ముందు ఇది చదవండి

వాచీ గ్లాసు మీద గీతలు పడ్డాయని రిపేరు కొట్టుకి బయల్దేరేవాళ్ళకి ముందే చెప్తున్నా. "సఫైర్ గ్లాసు వేసేస్తాం సార్, ఇక జన్మలో గీత పడదు" అని ఎవరైనా అంటే వెంటనే తల ఊపేయకండి. నా దగ్గర సఫైర్ పేరు చెప్పి 2,600 రూపాయలు తీసుకుని మామూలు మినరల్ గ్లాసు బిగించారు. పోనీ ఆ బిగించడమన్నా సరిగ్గా చేశారా అంటే అదీ లేదు. కొట్టు పేరు రాయను, విషయం ఇంకా తేలలేదు. విజయవాడలో మంచి సెంటర్లో, బోర్డు మీద పెద్ద పెద్ద విదేశీ కంపెనీల గుర్తులన్నీ వేసుకున్న కొట్టు అని మాత్రం చెప్తా. ఆ గుర్తులకీ ఆ కంపెనీలకీ ఏ సంబంధం లేదని తర్వాత తెలిసిందనుకోండి.

నా వాచీ సీకో 5, ఆటోమేటిక్. మెట్లు దిగుతుంటే చెయ్యి సిమెంటు గోడకి ఒరుసుకుంది. రెండు గంటల గుర్తు దగ్గర మొదలై డయల్ మధ్య వరకూ ఏటవాలుగా ఒక గీత, గోరుతో తడిమితే తగిలేంత లోతుగా. టైము చూసినప్పుడల్లా ముందు గీతే కనపడేది.

కొట్టులో మొదట "బఫింగ్ చేస్తే పోతుంది, 500 అవుద్ది" అన్నారు. ఇక్కడే ఒకసారి ఆగాలి. ఎవరైనా మీ గ్లాసు ఏ రకమో చూడకుండానే పాలిష్ అంటున్నారంటే, వాళ్ళకి తెలియదన్నా అనుకోవాలి, మీకు తెలియదని వాళ్ళు అనుకుంటున్నారన్నా అనుకోవాలి. వాచీ గ్లాసులు ముఖ్యంగా మూడు రకాలు. పాత హెచ్ఎంటీ జనతా, పైలట్ లాంటి కీ ఇచ్చే వాచీలకి ఉండేది యాక్రిలిక్, అంటే ప్లాస్టిక్. దాని మీద చిన్న గీతలు పడితే ఇంట్లో మామూలు తెల్ల టూత్‌పేస్ట్ బఠాణీ గింజంత మెత్తటి గుడ్డ మీద వేసి పది నిమిషాలు గుండ్రంగా రుద్దితే చాలావరకు పోతాయి, పాలీవాచ్ అనే పేస్టు దొరికితే ఇంకా బాగా పోతాయి. దానికి కొట్టుకి వెళ్ళక్కర్లేదు. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటివి మాత్రం దగ్గరికి రానివ్వకండి, గ్లాసంతా సన్నటి పగుళ్ళు వచ్చేస్తాయి.

రెండోది మినరల్ గ్లాసు. ఇది నిజమైన గాజే, కాస్త గట్టిపరిచిన గాజు. సీకోవాళ్ళు హార్డ్‌లెక్స్ అని పిలిచేది కూడా ఈ జాతిదే. దీని మీద టూత్‌పేస్ట్ రుద్దితే చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాదు, టూత్‌పేస్ట్‌తో గీత పోయినట్టు చూపించే వీడియోలు చాలావరకు ప్లాస్టిక్ గ్లాసు పెట్టి తీసినవే. సీరియం ఆక్సైడ్ అనే పొడితో, ఫెల్ట్ చక్రంతో పాలిష్ చెయ్యొచ్చు గానీ అది పైపై సన్న గీతలకి మాత్రమే. గోరుకి తగిలే గీత పోవాలంటే గీత అడుగు దాకా చుట్టూ ఉన్న గ్లాసంతా అరగదియ్యాలి. తొందరపడి ఆ ఒక్క చోటే అరగదీస్తే అక్కడ చిన్న గుంట పడుతుంది, ఆ తర్వాత వాచీని కొంచెం వంచి చూసినప్పుడల్లా కింద ముల్లు వంగినట్టు కనిపిస్తుంది. ఇంత కష్టం కంటే కొత్త మినరల్ గ్లాసు వేయించుకోవడమే చవక. ఈ మాట నేను అన్నాకే కొట్టాయన బఫింగ్ సంగతి వదిలేసి సఫైర్ దగ్గరికి వచ్చాడు.

సఫైర్ అంటే గాజు కాదు. అల్యూమినియం ఆక్సైడ్‌ని కరిగించి ఫ్యాక్టరీలో పెంచే స్ఫటికం, కెంపు, నీలం ఏ జాతి రాళ్ళో అదే జాతి. 1902లో ఫ్రాన్స్‌లో వెర్నూయ్ అనే శాస్త్రవేత్త ఇలా కృత్రిమంగా తయారుచేసే పద్ధతి బయటపెట్టాడు. మన ఆటోమేటిక్ వాచీల్లో 21 జ్యూయెల్స్ అని రాసి ఉంటుందే, ఆ ఎర్ర రాళ్ళూ అలా తయారైనవే. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలతలో వజ్రం 10 అయితే సఫైర్ 9. మామూలు గాజు అయిదున్నర ప్రాంతంలో ఉంటుంది. మనకి శత్రువు ఇనుము కాదు, ఇసుక. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం 7, సిమెంటు గోడల్లో ఉండేది ఆ ఇసుకే. గోడకి ఒరుసుకుంటే గాజు మీద గీత పడుతుంది, సఫైర్ మీద పడదు. అంచేత సఫైర్ వేయించుకోవాలని ఆశపడటంలో తప్పేం లేదు, డబ్బు పెట్టదగ్గ వస్తువే. కాకపోతే "అన్‌బ్రేకబుల్" అన్న మాట మాత్రం నమ్మకండి. గట్టిదే, కానీ పెళుసు, గట్టి దెబ్బ తగిలితే ముక్కలవుతుంది. చంద్రుడి మీద దిగిన ఒమేగా స్పీడ్‌మాస్టర్ వాచీలకి ఉన్నది ప్లాస్టిక్ గ్లాసే, పగిలినా ముక్కలు ఎగరవని.

సరే, మాట్లాడుకున్నాం, సాయంత్రానికి వాచీ చేతికొచ్చింది, తళతళ మెరుస్తోంది. ఇంటికొచ్చి ఎండలో చూస్తే డయల్ మీద ఆరు గంటల గుర్తు పక్కన ఒక సన్నటి నూలు పోగు, గ్లాసుకి లోపలివైపు. బిగించే ముందు గాలి బుడ్డితో ఊది దుమ్ము పోగొట్టాలి, అది చెయ్యలేదన్నమాట. పోనీలే అనుకున్నా. కొన్నాళ్ళకి గ్లాసు అంచు చుట్టూ లోపలివైపు తెల్లటి పొర మొదలైంది, నీళ్ళ సీసా అడుగున ఉప్పు పట్టినట్టు. చెమ్మ చేరిందనుకుని బియ్యం డబ్బాలో కూడా పెట్టి చూశాను, తగ్గలేదు. ఆ తర్వాత ఒక రోజు బండి తాళాలు ఉన్న జేబులో వాచీ పెట్టుకుని జిమ్ముకి వెళ్ళొచ్చా, తీసి చూస్తే గ్లాసు మీద గీత. తాళాల మధ్య ఇసుక రేణువు ఉండి ఉంటుంది. అయినా అసలైన సఫైర్ అయితే ఇసుకకి గీత పడకూడదు కదా?

ఇక్కడ ఒక చిన్న మాట. సఫైర్ మీద గీత కనపడినంత మాత్రాన మోసం అని గొడవకి దిగకండి. కొన్నిసార్లు తలుపు గొళ్ళానికో గేటుకో రాసుకున్నప్పుడు ఆ లోహమే గ్లాసు మీద అంటుకుని బూడిదరంగు గీతలా కనిపిస్తుంది, పిల్లల రబ్బరు పెట్టి చెరిపితే పోతుంది. ఇంకొన్నిటికి కాంతి తళుక్కుమనకుండా పైన కోటింగ్ ఉంటుంది, గీత పడేది ఆ కోటింగ్ మీద. నాది రబ్బరుతో పోలేదు, గోరుకి తగిలింది.

మాకు తెలిసిన నగల కొట్టుకి తీసుకెళ్ళా. వజ్రాలు పరీక్షించే పెన్ను లాంటి టెస్టర్ ఉంటుంది వాళ్ళ దగ్గర, కొనలోని సన్నటి రాగి మొన రాయికి తగిలిస్తే ఆ రాయి వేడిని ఎంత త్వరగా లాగుతుందో చూసి లైట్లు వెలుగుతాయి. వజ్రానికి చివరి దాకా వెలుగుతాయి. సఫైర్‌కి మొదటి కొన్ని వెలుగుతాయి. గాజుకి అసలు కదలదు. ఆయన ముందు తన సొంత వాచీ గ్లాసు మీద పెట్టాడు, అది సఫైర్, లైట్లు ఎక్కాయి. నా దాని మీద నాలుగు చోట్ల పెట్టాడు, చలనం లేదు. "ఇది గాజేనండీ" అని తిరిగి ఇచ్చేశాడు, రూపాయి తీసుకోలేదు.

అక్కడి నుంచి ఇంకో వాచీ మెకానిక్ దగ్గరికి. ఆయనది చిన్న బల్ల కొట్టు, బోర్డు కూడా సరిగ్గా లేదు. కంటికి భూతద్దం బిగించుకుని చూడగానే "ఫెవిక్విక్ వాడారు" అన్నాడు. అదీ తెల్ల పొర కథ. ఆ రకం గమ్ము ఆరేటప్పుడు వచ్చే ఆవిరి మూసి ఉన్న చోట తెల్లగా పేరుకుంటుంది, డయల్ మీదా ముళ్ళ మీదా కూడా పడుతుంది. సీకోలో గ్లాసు చుట్టూ ప్లాస్టిక్ గ్యాస్కెట్, అంటే సందు మూసే రింగు, ఉంటుంది, గ్లాసుని దాని మధ్యలో ప్రెస్ పెట్టి నొక్కి కూర్చోబెట్టాలి, గమ్ముతో పని లేదు. మొదటి కొట్టువాళ్ళు వెర్నియర్‌తో, అంటే సన్న కొలతలు తీసే స్కేలుతో, కొలవకుండా ఉన్న గ్లాసు ఏదో వేశారు, కాస్త వదులైంది, ఆ సందు గమ్ముతో పూడ్చారు. గ్లాసు కొలతలో మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా ఇదే గతి. నీళ్ళు లోపలికి పోకుండా ఆపే భాగం అదే కాబట్టి, వాచీ వెనక వాటర్ రెసిస్ట్ అని రాసి ఉన్నది ఇక లెక్కలోకి రాదు.

తిరిగి మొదటి కొట్టుకి వెళ్ళి అడిగితే వచ్చిన సమాధానం వినండి. "సఫైర్ అంటే సఫైర్ కోటింగే సార్, ఈ రేటుకి అందరూ అదే ఇస్తారు." మినరల్ గ్లాసు మీద సఫైర్ పొర వేసిన గ్లాసులు ఉన్న మాట నిజమే, కొన్ని కంపెనీలే అమ్ముతాయి. కానీ డబ్బు తీసుకునేటప్పుడు కోటింగ్ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. బిల్లు చూపిస్తే దాని మీద "వాచ్ గ్లాస్ – 2,600" అని మాత్రమే ఉంది, ఆ మూడు ముక్కలు చూపించి నన్నే ఎదురు ప్రశ్నించాడు. పాత గ్లాసు ఏదీ అంటే పారేశాం అన్నాడు. నిజం చెప్పాలంటే మినరల్ గ్లాసే, 400 అవుతుంది అని మొదటే అని ఉంటే నవ్వుతూ ఇచ్చేవాణ్ణి, దానికి వంక పెట్టేదేమీ లేదు, టైటాన్ సహా మనం పెట్టుకునే వాచీల్లో చాలావాటికి ఉండేది అదే. గాజుకి మణి రేటు కట్టడమే నాకు మండింది.

అందుకని మీరు వెళ్ళినప్పుడు గ్లాసు బిగించక ముందు విడిగా చేతికి ఇమ్మనండి. టెస్టర్ పెట్టి చూపించమనండి, లేదంటే పక్క నగల కొట్టుకి తీసుకెళ్తానని చెప్పండి. నిజంగా సఫైర్ అయితే వాళ్ళకి టెన్షన్ ఏమీ ఉండదు, కాకపోతే ఆ మాట అనగానే మొహం మారుతుంది. నీటి చుక్క పరీక్ష అని ఒకటి చెప్తారు, సఫైర్ మీద చుక్క గుండ్రంగా నిలుస్తుంది, గాజు మీద పరుచుకుంటుంది అని. కొంతవరకు నిజమే గానీ గ్లాసుకి వేలి జిడ్డు అంటినా, కోటింగ్ ఉన్నా లెక్క తారుమారు అవుతుంది, దాన్ని పట్టుకుని వాదనకి దిగొద్దు. బిల్లు మీద "సఫైర్ క్రిస్టల్" అని, కోటింగ్ కాదని, సైజూ మందమూ రాయించుకోండి. పాత గ్లాసు అడిగి తెచ్చుకోండి. గమ్ము వాడతారా అని అడగండి, కొన్ని మోడళ్ళకి గమ్ము అవసరమే, కానీ అది యూవీ లైటు కింద ఆరే రకం అయ్యుండాలి. వాచీ తీసుకునేటప్పుడు కొట్టు ట్యూబులైటు కింద కాదు, బయట ఎండలోకి తెచ్చి డయల్ మీద దుమ్ము, వేలిముద్ర, ముళ్ళ మీద గీత ఉన్నాయేమో చూడండి. నీళ్ళు తగలనిచ్చే వాచీ అయితే ప్రెషర్ టెస్ట్ చేసి ఇమ్మనండి, ఆ మెషీన్ లేని చోట నీళ్ళకి గ్యారంటీ అన్న మాటకి విలువ లేదు.

ఇంకోటి, సఫైర్ వేయిస్తే గ్లాసు ఎక్కువ తళుక్కుమంటుంది, కాంతిని గాజు కంటే ఎక్కువ వెనక్కి కొడుతుంది. లోపలివైపు యాంటీ రిఫ్లెక్టివ్ కోటింగ్ ఉన్నది అడక్కపోతే ఎండలో టైము చూడటానికి చెయ్యి తిప్పుతూ ఉండాలి.

నేను కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, టెస్టర్ పెట్టినప్పుడు తీసిన వీడియో, బిల్లు ఫొటో ఇచ్చాను. వాళ్ళు కొట్టువాళ్ళతో మాట్లాడతామన్నారు, తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలి, 5 లక్షల లోపు కొనుగోళ్ళకి అక్కడ ఫీజు లేదు. వాచీ మాత్రం ఇప్పుడు ఆ బల్ల కొట్టు ఆయన దగ్గరే ఉంది, డయల్ మీద పొర తుడిస్తే రంగు లేచిపోతుందేమో అని మెల్లగా చేస్తున్నాడు. ఈలోగా విజయవాడ, గుంటూరు వైపు గ్లాసు ముందు చూపించి మరీ బిగించేవాళ్ళు మీకెవరైనా తెలిస్తే చెప్పండి, మా తమ్ముడి వాచీ కూడా ఉంది.