సెల్ఫ్ వాటరింగ్ కుండీలు: ఏళ్ల తరబడి వాడాక

అడుగున నీళ్ల తొట్టి, పైన మొక్క, మధ్యలో వత్తి. సెల్ఫ్ వాటరింగ్ కుండీ అంటే ఇంతే. నెలకోసారి నీళ్లు పోస్తే చాలని అమ్మేవాళ్లు చెబుతారు గానీ, ఆ మాట నీడలో ఉండే చిన్న మొక్కకైతే సరిపోతుందేమో. 25 సెంటీమీటర్ల కుండీలో ఏపుగా పెరిగిన పీస్ లిల్లీ ఎండాకాలంలో రెండు లీటర్ల తొట్టిని వారం తిరిగేసరికి ఖాళీ చేస్తుంది. అయినా రోజూ నీళ్లు పోసే పని తప్పుతుంది కాబట్టి డబ్బు దండగ కాదు. ఈ కుండీల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం కుండీ కాదు, అందులో నింపిన మిశ్రమం.

తోటమట్టి ఇందులో పనికిరాదు. కింది నుంచి ఎడతెగకుండా చెమ్మ ఎక్కుతుంటే మట్టిలో గాలి ఆడాల్సిన సందులన్నీ నీళ్లతో నిండిపోయి వేర్లకు ఊపిరాడదు. ఆకులు వాలిపోతాయి. అది చూసి దాహమేమోనని ఇంకాస్త పోస్తే వేరుకుళ్లు ఖాయం. నిలకడగా పనిచేసిన పాళ్లు ఇవి: కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఆరు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) మూడు, జల్లెడ పట్టిన వర్మీకంపోస్టు ఒకటి. వర్మీకంపోస్టు అంతకు మించితే మెత్తటి బురద అడుగుకు దిగి తొట్టిలో నీళ్లు కంపు కొడతాయి. కొన్ని కుండీలకు వత్తి ఉండదు, తొట్టిలోకి దిగే జాలీ కాళ్లుంటాయి. ఆ కాళ్లలో కోకోపీట్, పెర్లైట్ మాత్రమే వేసి గట్టిగా అదమాలి. వదులుగా ఉంటే నీళ్లు పైకి ఎక్కవు.

కోకోపీట్ ఇటుకను నానబెట్టి, పిండి, మళ్లీ నానబెట్టాలి. టీ డికాక్షన్ రంగు బాగా తగ్గేదాకా కడగాలి. అందులో సోడియం, పొటాషియం ఎక్కువ. అవి కొంత పోయినా, మనం ఇచ్చే కాల్షియాన్ని కోకోపీట్ తనలో పట్టేసుకుంటుంది. లేత ఆకులు ముడుచుకుని, అంచులు మాడుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. లీటరు నీటికి గ్రాము కాల్షియం నైట్రేట్ చొప్పున కలిపి, నెలకోసారి పైనుంచి పోస్తే కొత్త చిగుళ్లు సవ్యంగా వస్తాయి. దీన్ని 19-19-19తో (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు) ఒకే నీటిలో కలపకూడదు. భాస్వరంతో కలిసి తెల్లటి మడ్డిగా అడుగున పేరుకుంటుంది.

వత్తి సంగతి. కుండీతో వచ్చేది నూలుదైతే పక్కన పడేయండి, కొన్నాళ్లకే కుళ్లిపోతుంది. పెన్సిలంత మందం పాలియెస్టర్ లేదా నైలాన్ తాడు ఏళ్లకేళ్లు ఉంటుంది. కొత్త తాడు మీద నీటిని పట్టనివ్వని జిడ్డు ఉంటుంది కాబట్టి సబ్బు నీళ్లలో ఉతికి, తడిపాకే దూర్చాలి. దీపపు వత్తి నూనెను లాగినట్టే ఇదీ పనిచేస్తుంది, ఎటొచ్చీ ముందుగా తడిసి ఉండాలి. 25 సెంటీమీటర్ల కుండీకి రెండు తాళ్లు చాలు. కింది కొస తొట్టి అడుగును తాకాలి, పై కొస మిశ్రమం సగం ఎత్తుకు రావాలి.

నాటగానే తొట్టి నింపి వదిలేయడం వల్ల చచ్చే మొక్కలే ఎక్కువ. ఎండిన మిశ్రమం కింది నుంచి నీళ్లను లాగలేదు. ముందు పైనుంచి పూర్తిగా తడిపి, వేర్లు కిందికి దిగేదాకా రెండు మూడు వారాలు పైనుంచే పోయాలి. తర్వాత తొట్టి ఖాళీ అయిన వెంటనే నింపకుండా ఒకటి రెండు రోజులు ఆగితే వేర్లకు గాలి అందుతుంది. నీటిమట్టం చూపే ఫ్లోట్‌ను పెద్దగా నమ్మను. నాచుకో వేరుకో చిక్కుకుని నిండుగానే చూపిస్తుంటుంది. నీళ్లు పోసే గొట్టంలోకి పొడి వెదురు పుల్లను దింపి తీస్తే నిజం తెలిసిపోతుంది.

ఎక్కువమంది పట్టించుకోని చిక్కు లవణాలది. నీళ్లు ఎప్పుడూ పైకే నడుస్తాయి, పైన ఆవిరైపోతాయి, ఎరువులోని ఉప్పు అక్కడే మిగులుతుంది. మిశ్రమం మీద, కుండీ అంచున తెల్లటి పొర, ఆ పొరను తాకే కాడల మొదట్లో గోధుమరంగు మచ్చలు దీని గుర్తులు. ఆఫ్రికన్ వయొలెట్‌లో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండు నెలలకోసారి పై పొరను సెంటీమీటరు మేర గీకి పారేసి, కుండీ పరిమాణానికి రెండింతల మంచినీళ్లు పైనుంచి నెమ్మదిగా పోసి, తొట్టిలోకి దిగినదంతా ఒంపేయాలి. తొట్టిలో కలిపే 19-19-19 లీటరుకు అర గ్రాము దాటకూడదు. పైపూత ఉండి నెమ్మదిగా కరిగే ఎరువు గుళికలు ఇంకా సుఖం. అయితే వాటిని పైన చల్లితే దండగే. పై పొర పొడిగా ఉంటుంది కాబట్టి పోషకాలు బయటికి రావు, వచ్చినా కిందికి దిగవు. నాటేటప్పుడే మిశ్రమంలో కలపాలి. ఇన్ని నెలలు పనిచేస్తాయని ప్యాకెట్ మీద వేసే లెక్క సాధారణంగా 21 డిగ్రీల వేడికి కట్టింది. ఎండలు ముదిరితే గుళికలు ఇంకా ముందే ఖాళీ అవుతాయి.

సింగోనియం, ఫెర్న్‌లు, కెలాడియం, కోలియస్ వీటిలో హాయిగా పెరుగుతాయి. ఎండను తట్టుకునేలా వచ్చిన సంకర ఇంపేషన్స్, అంటే సకాటా వారి సన్‌పేషన్స్ లాంటివి, తెగ నీళ్లు తాగుతాయి. మామూలు కుండీలో మధ్యాహ్నానికే తలవాల్చే ఆ మొక్కకు అడుగు తొట్టి అతికినట్టు సరిపోతుంది. ఎడీనియం, కాక్టస్, జీజీ (ZZ), శాన్సివేరియాలను దీని దరికి రానివ్వొద్దు. బోగన్‌విల్లా బతుకుతుంది కానీ ఆకులే, పూలుండవు. కాస్త ఎండగడితేనే దానికి పూత.

ఆరుబయట పెట్టేవాళ్లు కొనేముందు పొర్లు రంధ్రం, అంటే తొట్టి నిండాక మిగిలిన నీళ్లు బయటికి పోయే రంధ్రం, చూసుకోవాలి. ఇంట్లో వాడతారని కొన్నిటికి దాన్ని బిరడాతో మూసి ఇస్తారు. వాన పడ్డప్పుడు బిరడా తీయకపోతే నీళ్లు వేర్ల దాకా నిలిచిపోతాయి. మొక్క పెట్టకముందే తొట్టి నింపి చూడండి. పొర్లే మట్టానికి, మొక్క ఉండే పై అర అడుగుకు మధ్య కనీసం వేలెడు ఖాళీ లేకపోతే ఆ కుండీ తిరిగిచ్చేయడమే మేలు. నీళ్లు పోసే గొట్టం మూతికి, పొర్లు రంధ్రానికి సన్నటి దోమతెర ముక్క బిగించాలి. వేడి రోజుల్లో దోమ గుడ్డు నుంచి రెక్కలు రావడానికి వారం పది రోజులు చాలు. పారదర్శకమైన తొట్టి చూడ్డానికి ముచ్చటగా ఉన్నా నాచు పడుతుంది, ముదురు రంగుదే తీసుకోండి.

ఏడాదికోసారి కుండీ విప్పక తప్పదు. వేర్లు వత్తి రంధ్రాల్లోంచి తొట్టిలోకి దూరి, వత్తిని నొక్కేస్తాయి. అలా దిగినవాటిని శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, తాడును వేడినీళ్లలో కడిగి, మిశ్రమంలో కనీసం మూడోవంతు కొత్తది వేసి మళ్లీ నాటాలి. ఆ తర్వాత రెండు వారాలు మళ్లీ పైనుంచే నీళ్లు.