పర్లాకిమిడి వాకిట్లో పేవర్ బ్లాకులు: ఇన్నేళ్ళ వాడకం తరువాత నా మాట

మా వాకిట్లో పేవర్ బ్లాకులు, అంటే నేల మీద పక్కపక్కన పేర్చే కాంక్రీటు దిమ్మలు, వేయించింది 2014 వేసవిలో. అంతకు ముందు ఏడాది అక్టోబరులో ఫైలిన్ తుపాను మా ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, పాత సిమెంటు గచ్చు కింద మట్టి కొట్టుకుపోయి గచ్చంతా పెళ్ళలుగా లేచిపోయింది. మళ్ళీ గచ్చే చేయిద్దామా, బ్లాకులు వేయిద్దామా అని ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. చివరికి బ్లాకులకే ఓటు పడింది. వేయించినందుకు ఈ రోజుకీ విచారం లేదు. కాకపోతే ‘ఒకసారి వేస్తే ఇంక చూసుకోనక్కర్లేదు’ అని అమ్మేవాళ్ళు అంటారు చూడండి, ఆ మాట నమ్మకండి. ఏటా వానలకు ముందు ఒక పూట పని ఉంటుంది. అది వాయిదా వేస్తూ పోతే తరువాత మేస్త్రీని పిలవాల్సి వస్తుంది.

మావి 60 ఎం.ఎం. మందం ఉన్న జిగ్‌జాగ్ బ్లాకులు. వాటి మీద స్కూటరు, చిన్న కారు తిరుగుతాయి. తేలికపాటి వాహనాలకి 2006 నాటి భారతీయ ప్రమాణం (ఐఎస్ 15658) చెప్పింది కూడా ఆ మందమే, ఎం-35 అనే బలం తరగతి కాంక్రీటుతో. బ్లాకుల గురించి ఫిర్యాదు ఏమీ లేదు. గేటు దగ్గర ఒకటి రెండు మూలలు ఊడాయి, రంగు వెలిసింది, అంతే. పాడైందల్లా వాటి కిందా, పక్కనా.

అసలు తంటా అంచుతో వచ్చింది. పని చేసిన కాంట్రాక్టరు గోడ వైపూ వీధి వైపూ బాగానే బిగించాడు. పూలమొక్కల వైపు మాత్రం అంచు రాయి పాతకుండా మట్టి ఎగదోసి వెళ్ళిపోయాడు. బ్లాకులు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడేవి కదా, పక్కన ఆపేది లేకపోతే వరస మెల్లగా జరిగి సందులు పెరుగుతాయి. సందులోంచి ఇసుక పోతుంది, ఇసుక పోయిన చోట బ్లాకు కుంగుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదుగానే పోయింది. ఆ వానకి మొక్కల వైపు వరసలన్నీ పక్కకి ఒరిగిపోయాయి, నడుమ పళ్ళెంలా గొయ్యి పడింది. అంచు రాయి ఉన్న వైపులు చెక్కు చెదరలేదు. ఒరిగిన బ్లాకుల్లో కూడా ఒక్కటీ పగల్లేదు. కడిగి మళ్ళీ పేర్చుకున్నాం. గచ్చయితే ఆ ముక్కలు ఎత్తి పారబోసుకోవాల్సిందే. నాకు ఈ బ్లాకులు నచ్చింది అందుకే. మధ్యలో నీళ్ళ పైపు లీకయినప్పుడు కూడా ఇలాగే ఎత్తి, పైపు మార్చి, సాయంత్రానికల్లా పేర్చేశాం.

కుంగిన చోట బాగు చేసుకోవడం పెద్ద విద్యేమీ కాదు గానీ ఓపిక కావాలి. మొదటి బ్లాకు తీయడమే కష్టం. సందుల్లో ఇసుక గీకేసి, రెండు వైపులా స్క్రూడ్రైవర్లు దూర్చి అటూ ఇటూ ఆడిస్తే వస్తుంది. అక్కణ్ణుంచి మిగతావి చేత్తోనే వస్తాయి. గొయ్యి ఎంత ఉందో అంతే కాకుండా చుట్టూ ఇంకో అడుగు విప్పాలి, లేకపోతే కొత్తదీ పాతదీ కలిసే చోట మెట్టు పడుతుంది. కింద నేల మెత్తగా ఉంటే ఆ మట్టి తీసేసి, చిప్సూ (సన్న కంకర) క్రషర్ డస్టూ (రాతి పొడి) కలిపి పలచటి పొరలుగా పోసి, తడుపుతూ దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. ఇక్కడే మేస్త్రీలు తొందరపడతారు. గొయ్యి లోతుగా ఉంటే పైన ఇసుకే మందంగా పోసి సరిచేసేద్దామంటారు. ఇసుక పొర అంగుళం నుంచి అంగుళంన్నర దాటితే బండి ఎక్కగానే మళ్ళీ అక్కడే దిగబడుతుంది. పల్లం పూడ్చాల్సింది కింది పొరతోనే.

బ్లాకుల కింద పరిచే పరుపుకి ముతక ఏటి ఇసుకే మేలు. డస్టు చవకే, కానీ అందులో మెత్తటి పొడి ఎక్కువ ఉండి నీరు దిగనివ్వదు. ఒకే మందం ఉన్న రెండు ఇనుప పైపులు ఇసుక మీద పెట్టి, వాటి మీద చదును చెక్క లాగితే పరుపు సమంగా వస్తుంది. దాని మీద కాలు పెట్టకూడదు. బ్లాకులు పక్క వాటికన్నా అర సెంటీమీటరు ఎత్తుగా పేర్చి, చెక్క అడ్డం పెట్టి కొడితే అవే మట్టానికి దిగుతాయి. నీరు పారే వాటం మాత్రం మరిచిపోవద్దు. పది అడుగులకి రెండు అంగుళాలు వీధి కాలువ వైపు ఉంటే చాలు.

సందుల్లో వేసే ఇసుక వేరు. సన్నగా జల్లించి, ఎండలో బాగా ఆరబెట్టినదే లోపలికి దిగుతుంది. తడి ఇసుక పైపైన బిగుసుకుపోయి లోపల ఖాళీ మిగులుతుంది. అందుకే మేము ఈ పని మే నెలలో, ఎలాగూ రథయాత్ర లోపు ముగించేస్తాం. చీపురుతో ఊడ్చి నింపడం, దిమ్మిసతో కొట్టడం, దిగితే మళ్ళీ నింపడం. మా మేస్త్రీ ఏటా ఒకటే పాట: “బాబూ, సిమెంటు పాలు పోసేస్తే జన్మలో గడ్డి రాదు.” గడ్డి రాకపోవచ్చు. కానీ సిమెంటు బిగిస్తే బ్లాకులన్నీ ఒక్క పలక అయిపోయి, నేల కాస్త కదిలినా పగుళ్ళిస్తుంది, మళ్ళీ ఎత్తుదామంటే బ్లాకు విరుగుతుంది. అలా పోయించుకున్న మా పక్కింటి వాకిలి ఇప్పుడు అచ్చం మా పాత గచ్చులాగే ఉంది.

గడ్డి విషయంలో ఒక అపోహ ఉంది. కింద ప్లాస్టిక్ పట్టా పరిస్తే మొలవదంటారు. చాలా గింజలు గాలికి పైనుంచి వచ్చి సందులో చేరిన దుమ్ములో మొలుస్తాయి, పట్టా వాటినేం చేస్తుంది? రోజూ ఊడిస్తే చాలు. గరికా తుంగా మాత్రం వేరుతో లాగాలి. చీమలు సందుల్లోంచి ఇసుక తోడి పైన పోస్తాయి, అక్కడ మళ్ళీ నింపుకోవాలి. పందికొక్కు బొరియ పెడితే మాత్రం విప్పి, కంకర కూరి, పైన చెప్పినట్టు మొదట్నుంచీ చేయాల్సిందే.

పాచికి యాసిడ్ పోయకండి, సిమెంటును తినేసి పైన కంకర తేల్చేస్తుంది. గట్టి బ్రష్షూ నీళ్ళూ చాలు, నీడ పట్టున బ్లీచింగ్ పౌడరు. కొత్తలో తెల్లటి ఉప్పు తేలితే కంగారు పడొద్దు. సిమెంటులోని సున్నం బయటికొచ్చి గాలికి అలా మారుతుంది, వానలకి తగ్గుతుంది. ప్రెషర్ పైపుతో కడిగితే సందుల్లో ఇసుకంతా ఎగిరిపోతుంది. సన్‌షేడ్ నీళ్ళు నేరుగా పడే చోటా అంతే, అక్కడ పైపు పెట్టించాం. కార్తీక దీపాల నూనె మరక ఇప్పటికీ పోలేదు.

పెరట్లో నూతి దగ్గర పాత ఎర్ర ఇటుకే పరిచాం. చల్లగా ఉంటుంది, చూడ్డానికీ అదే అందం. కానీ బాగా కాలని ఇటుక రెండు వానలకే పొరలు రాలుస్తుంది. రెండు ఇటుకలు కొట్టి చూస్తే ఖంగుమనాలి. ఒక రోజంతా నానబెట్టి తూస్తే బరువు అయిదో వంతుకి మించి పెరగకూడదు. కారు ఎక్కే చోట ఇటుక వద్దు.

అమ్మకి మాత్రం ఈ వాకిలి ఇప్పటికీ నచ్చదు. కళ్ళాపి చల్లితే సందుల్లోకి ఇంకిపోతుంది, ముగ్గు కర్ర సందు దగ్గర ఎగురుతుంది, వడియాలు పెడితే ఇసుక అంటుతుంది. ఆ మాట నిజమే. అందుకని గుమ్మం ముందు నాలుగడుగులు నున్నటి బండ వేయించాం. ముగ్గు అక్కడ, వడియాలు డాబా మీద.

కొత్తగా వేయించేవాళ్ళు ఒక యాభై బ్లాకులు అదనంగా తీసుకోండి, రెండేళ్ళకి అదే అచ్చు దొరకదు. వాటిని గదిలో దాచకండి. వాకిట్లో ఓ మూల ఎండకీ వానకీ ఉంచితే, వేసిన రోజున మిగతావాటి రంగులో కలిసిపోతాయి.