12 బోర్ తూటాలు కొనేవాళ్లూ, జాగ్రత్త: లోపల పట్టినంత మాత్రాన మీ తుపాకికి సరిపోయినట్టు కాదు

దేవరకొండ, అచ్చంపేట, డిండి వైపు పంట రక్షణ లైసెన్సు మీద పాత డబుల్ బ్యారెల్ తుపాకులున్న అన్నలకు, తమ్ముళ్లకు ఇది రాస్తున్నా. ముఖ్యంగా తాతల నుంచో తండ్రుల నుంచో వచ్చిన ఇంగ్లిష్ తుపాకి ఉన్నవాళ్లు పూర్తిగా చదవండి.

మాకు పల్లి, మక్క ఉంది. అడవిపందులు ఒక్క రాత్రిలో అర ఎకరం పల్లిని తవ్విపోస్తాయి. ఈసారి అటవీశాఖ నుంచి అనుమతి వచ్చాక నాన్న తుపాకిని బయటికి తీశాను. ఆయన ఉన్నప్పటి తూటాలు ఎప్పుడో అయిపోయాయి. హైదరాబాద్‌లో ఒక తుపాకుల దుకాణానికి పోయి, పందికి కావాలి, ఎల్‌జీ (పెద్ద గుండ్లుండే తూటాలు) ఇవ్వమన్నాను. తుపాకి ఏ కాలందని అతను అడగలేదు. నేనూ చెప్పలేదు. డబ్బా మీద 70 ఎంఎం అని కనిపిస్తే, మా తుపాకికి ఇది పడుతుందా అని అడిగాను. "12 బోర్ అంటే 12 బోరే అన్నా, ఏం కాదు, తీస్కపో" అన్నాడు. 25 తూటాలు లైసెన్సు పుస్తకంలో ఎక్కించి చేతికిచ్చాడు.

ఇంటికొచ్చి పెట్టి చూస్తే సాఫీగా దిగింది, తుపాకి టక్కున మూసుకుంది. సరిపోయిందనే అనుకున్నాను.

ఆ రాత్రి మూడు తూటాలు కాల్చాను. మొదటిదానికే భుజం అదిరింది. చాలా రోజుల తర్వాత కాల్చడం కదా, అందుకే అనుకున్నాను. రెండోదానికి తుపాకి తెరుచుకోలేదు, మోకాలి మీద పెట్టి వంచాల్సి వచ్చింది. మూడోదానితో చేయి పట్టే చోట చెక్క నిలువునా చీలింది. నా కుడిపక్కన మా బావమరిది టార్చి పట్టుకుని నిలబడ్డాడు. అతని ముఖానికి, ఆ బ్యారెల్‌కు మధ్య మూరెడు దూరం కూడా లేదు. ఇప్పటికీ అది గుర్తొస్తే నాకు నిద్ర పట్టదు.

తుపాకులు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోతే, ఆయన బ్యారెళ్ల కింద ఉండే ముందు చెక్క ఊడదీసి, బ్యారెళ్లను విడదీసి తిప్పి చూపించాడు. తూటా కూర్చునే చాంబర్ అడుగున చిన్న అక్షరాలతో రెండున్నర అంగుళాలని చెక్కి ఉంది. అంటే 65 ఎంఎం. నేను కాల్చినవి 70 ఎంఎం, అంటే రెండూ ముప్పావు అంగుళాలు. తేడా ఒక వడ్లగింజంత.

మరి అది లోపలికి ఎట్లా పోయింది? నేనూ అదే అడిగాను. డబ్బా మీద రాసేది కాల్చిన తర్వాత ఉండే పొడవు. కాల్చకముందు తూటా మూతి లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి పొట్టిగా ఉంటుంది, 65 చాంబర్‌లో హాయిగా పడుతుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవాలి. పొట్టి చాంబర్‌లో విచ్చుకోవడానికి చోటు ఉండదు. బ్యారెల్ సన్నబడే దగ్గరికి ఆ మూతి పోయి దారిని ఇరుకు చేస్తుంది. గుండ్లన్నీ ఆ ఇరుకులోంచే దూరాలి కాబట్టి వెనక ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. ఆయన నా ఖాళీ తూటాను స్కేలు మీద పెట్టి కొలిచాడు. సరిగ్గా 70. మూతి అంచు చిరిగి ఉంది.

దుకాణానికి ఫోన్ చేస్తే, అమ్మిన తూటాలు వాపసు తీసుకునేది లేదన్నారు. బిల్లు మీద "12 బోర్, 25" అని మాత్రమే ఉంది. పొడవు లేదు, గుండు సైజు లేదు. ఇక దేన్ని చూపించి నిలదీయాలి? మీరు కొనేటప్పుడు ఆ రెండూ రాయించుకోండి. రాయకపోతే డబ్బులివ్వొద్దు.

కొనబోయే ముందు తుపాకి ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, ముందు చెక్క తీసి చాంబర్ ముద్ర చదవండి. ముద్ర అరిగిపోతే 65 అనుకోండి, లేదా మనిషిని పెట్టి కొలిపించండి. 65 తూటాను 70 చాంబర్‌లో కాల్చొచ్చు, 70ని 65లో కాల్చకూడదు. ఇంకా పాత తుపాకులు కొన్ని పాతకాలపు నల్ల తుపాకిమందుకే (బ్లాక్ పౌడర్) పరీక్షించినవి ఉంటాయి. వాటిలో ఇప్పటి తూటాలు ఏ పొడవువైనా వద్దు.

గుండు సంగతి కూడా చెప్పాలి. కొందరు దుకాణదారులు ఎల్‌జీ లేదని 4 నంబరో, 6 నంబరో అంటగడతారు. అవి పిట్టల గుండ్లు. పంది చావదు, గాయంతో చేలో పడుకుంటుంది. తెల్లారి కలుపుకు వచ్చే ఆడవాళ్ల మీద పడుతుంది. అంతకంటే పాపం ఇంకోటి లేదు. ఎల్‌జీ, ఎస్‌జీ అనే పెద్ద గుండ్లు తప్ప తీసుకోకండి. వాటితోనైనా ముప్పై, నలభై గజాలు దాటి కాల్చకండి.

అదే దుకాణంలో నాకు .315 రైఫిల్ కూడా చూపించారు, "దూరం కొడుతది" అని. దూరం కొట్టడమే మనకు సమస్య. రైఫిల్ గుండు తప్పితే కిలోమీటర్ల దూరం పోతుంది. మన చేలు బల్లపరుపు, మంచెల మీద, బాయిల కాడ జనం పడుకుంటారు. వెనక గుట్ట అడ్డం లేని చోట .315 గానీ .30-06 రైఫిల్ గానీ చీకట్లో పేల్చే పనిముట్లు కావు. లైసెన్సులో రాసిన బోరు తప్ప వేరేది కొనడానికి ఎట్లాగూ కుదరదు.

మా తుపాకి ఇంకా ఆ పెద్దాయన దగ్గరే ఉంది. బ్యారెళ్లు వదులయ్యాయట, బిగించి మళ్లీ పరీక్షిస్తే గానీ చెప్పలేనన్నాడు. మిగిలిన 22 తూటాలను అధికారులకు చెప్పకుండా ఇంకొకరికి ఇవ్వడం చట్టం ఒప్పుకోదు, అందుకని పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసుకోమని దరఖాస్తు పెట్టాను. దేవరకొండ చుట్టుపక్కల ఎవరి తుపాకి ముద్ర అయినా అర్థం కాకపోతే ఇక్కడే రాయండి, ఆ పెద్దాయన నేర్పినంత వరకు చదివి చెప్తాను.