చీలమండ దాటే ట్రెక్కింగ్ బూట్లు: నాలుగేళ్లు వాడాక

కొన్నప్పటి ధర నాలుగున్నర వేలు. ఒక్కో బూటు సుమారు 480 గ్రాములు. పైన జాలీ గుడ్డ, ముక్కు దగ్గర రబ్బరు తొడుగు, వాటర్‌ప్రూఫ్ పొర లేదు. అహోబిలం ఉగ్రస్తంభం దారి, తలకోన, పాడేరు దగ్గరి వంజంగి, ఇవి ఎక్కువగా నడిచింది ఇలాంటి చోట్లే. మన కొండలకు వాటర్‌ప్రూఫ్ లేని రకమే మేలని నాలుగేళ్ల తర్వాత గట్టిగా చెప్పొచ్చు.

ఉగ్రస్తంభానికి వెళ్లేటప్పుడు వాగులో రాళ్ల మీదుగా నడవాలి. చీలమండ పైదాకా మునిగిందంటే ఏ బూట్లోకైనా నీళ్లు పై అంచులోంచి దిగుతాయి. పొర ఉన్న బూటులో దిగిన నీళ్లు దిగినట్టే ఉండిపోతాయి. జాలీ అయితే నాలుగడుగులు వేసేసరికి చాలావరకు కారిపోతాయి. పైగా మన ఎండలకు ఆ పొర ఉంటే లోపల చెమటకే సాక్స్ తడుస్తాయి. హిమాలయాల్లో మంచు మీద నడిచేవాళ్ల లెక్క వేరు. జాలీతో ఒకటే తలనొప్పి, ఉత్తరేణి గింజలు. గుడ్డలోకి తలకిందులుగా దిగి లోపల గుచ్చుకుంటాయి. చేత్తో లాగితే ముక్క విరిగి లోపలే ఉంటుంది, పట్టకారు కావాలి.

సైజు విషయంలో మొహమాటపడకండి. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, ట్రెక్కింగుకి వేసుకునే సాక్స్‌తోనే వేసి చూడాలి. లేసులు కట్టకుండా పాదాన్ని పూర్తిగా ముందుకు జరిపితే మడమ వెనక చూపుడువేలు పట్టాలి. మామూలు చెప్పుల కంటే అర సైజు, ఒక్కోసారి ఒక సైజు పెద్దది పడుతుంది. బిగుతుగా ఉంటే దెబ్బ తెలిసేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. ప్రతి అడుగుకీ బొటనవేలు ముక్కుకి కొట్టుకుని గోరు నల్లబడుతుంది. గోళ్లు రెండ్రోజుల ముందే కత్తిరించుకోవాలి.

దిగేముందు లేసులు తిరిగి కట్టాలి. చీలమండ వంగే చోట లేసుని రెండు మెలికలు తిప్పి లాగితే కింది భాగం వదులవకుండా పట్టుకుంటుంది. అక్కణ్ణుంచి పైకి కొక్కేలకు వేసి ముడివేయాలి. మడమ వెనక్కి ఆనుకుని నిలుస్తుంది, వేళ్లు ముందుకు జారవు. సాక్స్ కాటన్‌వి వద్దు, తడిస్తే ఆరవు, రాసుకుని బొబ్బలు లేస్తాయి. ఉన్ని కలిసినవో పాలిస్టర్‌వో వేసుకుని, ఇంకో జత ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకోండి. మడమ దగ్గర చురుక్కుమన్న వెంటనే ఆగి గుడ్డ ప్లాస్టర్ అంటించాలి. బొబ్బ లేచాక అంటిస్తే తీసేటప్పుడు చర్మంతో సహా వస్తుంది.

పట్టు గురించి: మట్టి, గులకరాళ్లు, పొడి బండ మీద నిక్కచ్చిగా నిలుస్తాయి. పాచి పట్టిన తడి బండ మీద మాత్రం ఏ రబ్బరునూ నమ్మొద్దు. అక్కడ చేతికర్రతో పొడిచి చూసి, పాదం మొత్తం ఆనించి, చిన్న అడుగులే వేయాలి. వంజంగి లాంటి చోట తడిసిన మట్టి బూటు అడుగున ఉండే గాళ్లలో (గాడుల్లో) కూరుకుపోయి బూటు నున్నగా అయిపోతుంది. పుల్లతో గీకుతూ ఉండాల్సిందే. ఇప్పుడు మడమ దగ్గర గాళ్లు సగానికి అరిగాయి, అందుకే దిగుడులో జారుతున్నాయి. ఆ గాళ్లలో రబ్బరు పల్చన. తుమ్మముల్లు అక్కణ్ణుంచే పైకొస్తుంది.

మూడో ఏడు ముక్కు దగ్గర బూటు అడుగు అట్ట లేచింది. క్షణంలో అంటుకునే జిగురు ఇక్కడ పనికిరాదు, ఎండాక గాజులా పెళుసై, వంగే చోట పగులుతుంది. చెప్పులు కుట్టేవాళ్లు వాడే రబ్బరు జిగురు తీసుకుని, రెండువైపులా గరుకు కాగితంతో రుద్ది, పల్చగా పూసి, చేతికి అంటనంతగా ఆరాక నొక్కి, ఒకరోజు బరువు కింద పెట్టాలి. అలా చేశాక ఇప్పటిదాకా మళ్లీ లేవలేదు.

అడుగు అట్టకీ పాదానికీ మధ్య ఉండే మెత్తటి పొర వీటిలో ఈవీఏ అనే నురుగు. మెత్తదనం తగ్గింది కానీ పొడి కాలేదు. పాలీయురేథేన్ అనే ఇంకో రకం నురుగు మధ్యపొరగా ఉన్నవి కొంటే ఒక జాగ్రత్త: గాలిలో తేమకి ఆ పదార్థం లోపలే విడిపోతుంది. ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెడితే ఇంకా త్వరగా పాడవుతుంది. చూడ్డానికి కొత్తగానే ఉంటాయి, కొండ మధ్యలో అట్ట మొత్తం ఊడొస్తుంది. వాడకున్నా చెడేవి ఇవే. బయల్దేరే వారం ముందు బొటనవేలి గోరుతో అంచు నొక్కి చూడండి. పగులు కనిపించినా పొడి రాలినా పక్కన పెట్టేయండి. సంచిలో వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగులు నాలుగు ఉంటే, దారిలో ఊడినా అట్టని కట్టుకుని రోడ్డు దాకా రావచ్చు.

ఉతకడానికి లోపలి అట్టలు తీసి చల్లనీళ్లు, బ్రష్ చాలు. తర్వాత న్యూస్‌పేపర్ కుక్కి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే జిగురు వదులవుతుంది.

మళ్లీ కొంటే ఇదే రకం, మడమ దగ్గర గాళ్లు ఇంకాస్త లోతుగా ఉన్నవి. అలిపిరి మెట్లకోసం అయితే కొనకండి, అక్కడ ఎలాగూ చాలామంది వట్టికాళ్లతోనే ఎక్కుతారు.