మైనర్ కార్డ్స్: ఓపెనా, కాపోనా, బ్యారేనా? ఏది మేలు?

ఇక్కడ చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు పీజీల్లో ఉండి కొత్తగా గిటార్ కొన్న మనోళ్ళకి వచ్చే డౌటే ఇది, మైనర్ కార్డ్స్ (కాస్త దిగులుగా వినిపించేలా కలిపి మోగించే స్వరాలు) ఓపెన్‌లో, అంటే కొన్ని స్ట్రింగులు నొక్కకుండా వదిలేసి నేర్చుకోవాలా, ఎలాగూ తప్పదు కదా అని నేరుగా బ్యారేలోకి, అంటే చూపుడు వేలు స్ట్రింగులన్నిటి మీదా అడ్డంగా వేసి నొక్కడంలోకి దిగాలా అని. నా ఓటు ఓపెన్‌కే, కానీ ఒక మెలిక ఉంది.

ఇ (E) మైనర్‌కి రెండే వేళ్ళు. ఐదో స్ట్రింగు, నాలుగో స్ట్రింగు (అన్నిటికంటే సన్నది ఒకటోది, లావుది ఆరోది) రెండో ఫ్రెట్‌లో (ఫ్రెట్లంటే గిటార్ మెడ మీది అడ్డ పట్టీలు, వాటి మధ్య గడిలో నొక్కాలి) నొక్కి ఆరూ వాయించేయడమే. ఇ మేజర్ వచ్చినోళ్ళయితే మూడో స్ట్రింగ్ మీదున్న చూపుడు వేలు లేపేస్తే చాలు, మైనర్ అయిపోద్ది. డిసెంబర్‌లో కర్ణాటక సంగీత కచేరీలకి తిరిగేవాళ్ళకి చెప్పాలంటే అంతర గాంధారం దిగి సాధారణ గాంధారం అయింది, అంతే తేడా. ఇక ఏ (A) మైనర్ అంటే ఇ మేజర్ షేపునే ఒక స్ట్రింగు కిందకి జరపడం. డి మైనర్ మాత్రం కాస్త సతాయిస్తది, రెండో స్ట్రింగు మూడో ఫ్రెట్‌కి ఉంగరం వేలు సాగాలి కదా.

బ్యారేలో అసలు చిక్కు బలం ఒక్కటే కాదు. ఒకటో ఫ్రెట్‌లో ఎఫ్ మైనర్ పట్టుకుని చూడండి, అది మైనర్ అని చెప్పే స్వరం మూడో స్ట్రింగ్ మీద ఒక్కచోటే ఉంటది, దాన్ని నొక్కేది చూపుడు వేలు ఒక్కటే, సరిగ్గా అక్కడే వేలి మడత పడిందా, స్ట్రింగు మూగబోద్ది, మిగతావన్నీ మోగుతున్నా కార్డ్ మేజరో మైనరో తెలీదు. ఎఫ్ మేజర్‌లో ఆ స్ట్రింగ్‌కి మధ్య వేలు సాయం ఉంటది, ఇక్కడ అదీ లేదు. అందుకే మొదలెట్టాలనుకుంటే ఒకటో ఫ్రెట్ వద్దు, ఐదో ఫ్రెట్‌లో ఏ మైనర్ పట్టండి, నట్‌కి (మెడ చివర స్ట్రింగులు ఆనే పట్టీకి) దూరం కాబట్టి తేలిగ్గా దిగుద్ది. వేళ్ళని తిట్టుకునే ముందు స్ట్రింగులు ఫ్రెట్ల మీద మరీ ఎత్తుగా ఉన్నాయేమో చూసుకోండి, ఈ ఊరి ఉప్పుగాలికి తుప్పు కూడా తొందరగా పడతది.

కాపో (స్ట్రింగులన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే క్లిప్పు) అంటే కొందరికి చిన్నచూపు, నాకైతే లేదు. రెండో ఫ్రెట్‌లో పెట్టి ఏ మైనర్ షేపు వేస్తే బి మైనర్. కాకపోతే డి, ఏ, బి మైనర్, జి ఉన్న పాటకి అలా పెడితే మిగతావి సి, జి, ఎఫ్ షేపులైపోతాయి, బి మైనర్ తప్పించుకుని ఎఫ్‌కి దొరికిపోతారు. ఏడో ఫ్రెట్‌లో పెడితే జి, డి, ఇ మైనర్, సి, అన్నీ ఓపెనే, కానీ సౌండ్ సన్నగా, పైస్థాయిలో ఉంటది.

మెలిక అన్నానే, అది ఇది. కింది మూడు సన్న స్ట్రింగులూ ఏమీ నొక్కకుండా మీటితే అదే ఇ మైనర్. అంటే చూపుడు వేలు ఒక్కటి ఆ మూడింటి మీద అడ్డంగా వేస్తే ఒకటో ఫ్రెట్‌లో ఎఫ్ మైనర్, మూడులో జి మైనర్, ఏడులో బి మైనర్! ఓపెన్ మూడింటితో పాటు ఇది కలిపితే ఏ పాటకీ ఆగక్కర్లేదు, ఫుల్ బ్యారే నిదానంగా రానివ్వండి. పక్కన ఇంకో గిటారో బేసో ఉంటే ఈ మూడు స్ట్రింగులే చాలు, ఒక్కరే పాడుకుంటుంటే మాత్రం పలచగా అనిపిస్తది, అప్పుడు బి మైనర్‌ని నాలుగు స్ట్రింగుల మీద పట్టండి: నాలుగో, మూడో స్ట్రింగులు నాలుగో ఫ్రెట్‌లో, రెండోది మూడో ఫ్రెట్‌లో, ఒకటోది రెండో ఫ్రెట్‌లో.